బండెక్కం సామీ

మా మేనత్త మునిరత్నమ్మకు చదువు రాదు. కాబట్టి ఇది ఆమె చదవదు. ఎవరో ఒకరు చదివి వినిపిస్తారన్న ఆశతోనే, పాప పడుకున్నాక వంటింట్లో కూర్చుని నాలుగు రాత్రులుగా రాస్తున్నాను. అమ్మ ఇప్పుడు బాగుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటివి చదివేటప్పుడు నేను కూడా మొదట చివరి పేజీ తిప్పి చూస్తాను, మనిషి బతికారా లేదా అని.

అమ్మ పేరు గౌరమ్మ. వయసు అరవై రెండు. బాగలూరు దగ్గర ఒక పల్లెలో కొద్దిపాటి పొలం, అందులో చేమంతి, రోజా. నాన్న పోయాక, యాభై ఏడో ఏట అమ్మ మోపెడ్ నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. కోత అయిపోయిన రాగిచేనులో తనే తిప్పుకుని, రెండుసార్లు గట్టుమీద పడి, మూడో వారానికి పూలమూట కట్టుకుని హోసూరు మార్కెట్టుకు వచ్చేసింది. అరవయ్యో ఏట బస్సు బోర్డులు చూసి చూసి తమిళం చదవడం పట్టుకుంది. ఆదివారమైతే ఊరి వెనక బండ ఎక్కుతుంది. మా వైపు పొలాల మధ్యనే పెద్ద పెద్ద రాతిగుట్టలు ఉంటాయి, వాటినే బండ అంటాం. పైన ఏముందని వారం వారం పోతావమ్మా అంటే, "పోయిన వారం లేనిది ఏమన్నా వచ్చిందేమో చూసొస్తా" అంటుంది. ఒకసారి ఆ బండ మీద వాననీళ్ళ గుంతలో పిల్ల చేపలు చూసింది. అంత ఎత్తుకు చేపలు ఎట్లా ఎక్కాయో తెలుసుకోవాలని నెలరోజులు ఊళ్ళో కనబడినవాళ్ళందరినీ అడిగింది.

మునిరత్నత్త నాన్నకు అక్క. అమ్మ పక్కింట్లోనే ఉంటుంది. అమ్మ బండి చప్పుడు వినబడితే చాలు, అరుగు మీది నుంచి ఒకే మాట: మొగుడు పోయిన ఆడమనిషి ఒక మూల కూర్చోవాల. అమ్మ బండి ఆపకుండానే జవాబిచ్చేది. "మూలలో ఎరువు మూటలు పెట్టుండాను వదినా. నాకు చోటు లేదు."

జూన్ మొదట్లో అమ్మ మా పాపను కృష్ణగిరి కోటకు తీసుకుపోదామంది. పాపకు నాలుగేళ్ళు. నేనూ వెళ్ళాను. కొండ సగం కూడా ఎక్కకముందే అమ్మ ఒక మెట్టు మీద కూర్చుండిపోయింది. ముఖం బూడిద రంగులో ఉంది. ఎండ అనుకున్నాను. "పైన ఏముందో ఇంకొకసారి చూద్దాంలే, మళ్ళీ వస్తాం గదా" అని పాప చేతిలో చెయ్యి వేసి చెప్పి దిగింది. పాప ఆ మాట మరిచిపోలేదు. ప్రతి రెండు రోజులకూ అడిగేది.

ఆ తరువాత ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ సుస్తుగా ఉందనేది. మా హోసూరు మాటల్లో సుస్తు అంటే అలసట. నేను చదువుకున్న పుస్తకాల తెలుగులో సుస్తీ అంటే జబ్బు. రెండింటికీ మధ్య ఒక్క అక్షరం తేడా. డిగ్రీ చదివిన నాకు కూడా ఆ తేడా తట్టలేదు. పని తగ్గించుకోమని, నిమ్మరసం తాగమని చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని.

జులైలో మూడుసార్లు హోసూరులోనే ఒక చిన్న క్లినిక్కుకు తీసుకుపోయాను. పేరు రాయను. మూడుసార్లూ టోకెన్, మూడుసార్లూ రెండేసి గంటలు, మూడుసార్లూ అదే ఇనప కుర్చీ. డాక్టరు తలెత్తకుండానే తమిళంలో వయసడిగాడు. అరవై రెండు అనగానే ఆయనకు జబ్బు తెలిసిపోయింది. వయసు. బలానికి మందు రాశాడు.

మూడోసారి అమ్మ లేవలేదు. "వయసయితే మెల్లగా వస్తుంది గదా సార్. నాకు ఒక్క నెలలో వచ్చింది" అంది. తన రాళ్ళ సంగతి కూడా చెప్పింది. బండ ఎక్కేటప్పుడు ఊపిరి కోసం ఆగిన చోటల్లా ఒక గులకరాయి పెట్టి వస్తుందట. ముందంతా ఒకే చోట ఆగేది, ఒకటే రాయి. ఇప్పుడు ఐదు. డాక్టరు నవ్వాడు. ఈ వయసులో బండలెందుకమ్మా, మనవరాలితో ఆడుకోండి అన్నాడు. నేను కూడా ఆయనతో పాటు నవ్వాను. ఆయన నవ్వును ఎప్పుడైనా క్షమిస్తానేమో. నా నవ్వును ఇంకా క్షమించలేదు.

ఆ తరువాతి వారం అమ్మ పడిపోయింది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా రాయాలి. అమ్మ బండి మీద నుంచి పడలేదు. బండి నిలిపి, తాళం తీసుకుని, పూల మార్కెట్టులో తూకం దగ్గర నిలబడి, నిలబడినట్టే కూలిపోయింది. చేమంతి రాశి మీద పడింది కాబట్టి తలకు దెబ్బ తగల్లేదు. గంట తిరక్కముందే మునిరత్నత్త బంధువులందరికీ ఫోన్ చేసింది. బండి మీద నుంచి పడిందని, నేను ముందే చెప్పినానని. ఆ తరువాత మమ్మల్ని చూడడానికి వచ్చినవాళ్ళంతా ఒక చేతిలో బ్రెడ్డు, ఒక చేతిలో ఆపిళ్ళు, నోట్లో అదే మాట. ఈ వయసులో ఎందుకమ్మా ఈమెకు ఇవన్నీ. ఎవరెవరు అన్నారో నాకు వరుసగా గుర్తుంది. పదకొండు మంది.

పెద్ద ఆసుపత్రిలో అమ్మను చూసిన డాక్టరమ్మ నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. అమ్మ మళ్ళీ రాళ్ళ కథ మొదలుపెట్టింది. నాకు సిగ్గేసి ఆపబోయాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఏ నెలలో ఎన్ని రాళ్ళని అడిగింది. అంతా విని, తనే అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు నాడి చూసింది. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని, మధ్యమధ్య ఆగుతోందని, భుజం కింద చిన్న యంత్రం పెట్టాలని చెప్పింది. బయటికి వచ్చాక నాతో ఇంకో మాట అంది. ఎప్పుడూ కూర్చునే ఉండే మనిషికైతే ఈ తేడా తెలిసేదే కాదట. ఆ మనిషీ, ఇంట్లోవాళ్ళూ వయసే అనుకుని ఊరుకునేవారట.

ఆ మాట నేను అప్పుడే, అక్కడే, అత్త చెవిలో పడేలా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

ఆపరేషన్ రోజు వెయిటింగ్ హాలులో నా పక్కన మత్తూరు నుంచి వచ్చిన ఒకామె ఉంది. ఆమె భర్త మూడు రోజులుగా లోపల ఉన్నాడు. కూర్చున్నట్టే కాసేపు నిద్రపో, పేరు పిలిస్తే నేను లేపుతానని తమిళంలో చెప్పి, తన చీరమూట నా తల కింద పెట్టింది. ఆమె పేరు అడగడం మరిచిపోయాను. ఆమె భర్త ఇంటికి వెళ్ళాడా లేదా కూడా తెలియదు. ఇప్పటికీ ఆ మూట వాసన గుర్తొస్తుంది, సాంబ్రాణి వాసన.

నేను నిద్రపోలేదు. లిఫ్టు పక్కన గోడకు చిన్న పిళ్ళయారు, అదే మన వినాయకుడి, బొమ్మ ఉంది, ఎదురుగా నిలబడి జనం దండం పెట్టుకుంటున్నారు. అత్త లేచి అక్కడికి పోయింది. ఆమె ఏం చేస్తుందోనని నేనూ వెనకాలే పోయాను. చెవులు పట్టుకుని మోకాళ్ళు వంగినంత మటుకు గుంజీళ్ళు తీసి, అందరికీ వినబడేలా అంది:

"గౌరి బాగై ఇల్లు చేరితే ఇంక బండెక్కం సామీ. బుద్ధొచ్చింది."

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ నిమిషం ఆ మొక్కు నాకు నచ్చింది. అమ్మ మోపెడ్ రోడ్డు మీదికి వచ్చిన నాటి నుంచి లారీలు తలుచుకుని నేను నిద్ర పాడుచేసుకున్న రోజులు ఎన్నో. ఆమె పక్కన నిలబడి నేను కూడా కళ్ళు మూసుకుని చేతులు జోడించాను.

ఆగస్టులో అమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాం. సాయానికని అత్త కూడా వచ్చింది. ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తకూడదు. ఫోన్ రవికలో ఎడమవైపు దోపుకోకూడదు. అమ్మకు అదే అన్నిటికన్నా కష్టమైంది, రోజుకు పదిసార్లు చెయ్యి అటే పోయేది. రోజూ నడవమన్నారు. మొదటి వారం బాగానే నడిచింది. ఎనిమిదో రోజు, ఊరికి ఫోన్ చేసి బండికి గాలి పట్టించి పెట్టమని చెప్పమంది.

"బండి మాట ఎత్తద్దు" అంది అత్త. "సామికి మొక్కినాను."

ఎరువు మూటల జవాబు వస్తుందనుకున్నాను. రాలేదు. మొక్కు అంటే అమ్మకు భయం. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. మరునాడు నడవడానికి లేవమంటే, "యాడికి పోవాల?" అంది. ఆ మరునాడు కూడా అంతే. పాప వచ్చి కృష్ణగిరి ఎప్పుడని అడిగితే తల నిమిరి ఊరుకుంది. ఆ కుర్చీ మా ఇంటి మూలలో ఉంది. గుండె ఆగినప్పుడు కాదు, అప్పుడు చూశాను అమ్మను ముసలిదానిలా. అత్త గెలిచింది. అమ్మను మూల కూర్చోబెట్టింది.

నాకు వచ్చిన కోపం మామూలు కోపం కాదు. మొక్కుకునేవాళ్ళు తమ జుట్టు ఇస్తారు, తమ ఉపవాసం ఇస్తారు. ఈమె మా అమ్మ కాళ్ళు తీసి ఇచ్చేసింది. అంట్లు తోముతూ, పాపకు జడ వేస్తూ, ఆ పిళ్ళయారు ముందు జరిగినదంతా మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను. మూడో రోజు పాపకు చద్ది కలుపుతుంటే దొరికింది. ఒక్క అక్షరం.

పాపకు అన్నం పెట్టడం ఆపి ముందుగదిలోకి పోయాను. అత్త టీవీ ముందు బఠాణీలు వలుస్తోంది. అమ్మ కుర్చీలో ఉంది.

"అత్తా, సామికి ఏమని మొక్కినావు? ఆ మాటే ఇంకొకసారి చెప్పు."

అత్త సంతోషంగా చెప్పింది. "గౌరి ఇల్లు చేరితే ఇంక బండెక్కం సామీ అన్నాను."

"ఎక్కదు అన్నావా, ఎక్కం అన్నావా?"

"ఎక్కం అనే అన్నాను. మనింటి మనిషిని ఒక్కదాన్నే వేరు చేసి ఎక్కదు అని ఎట్ల చెప్పేది?"

"ఎక్కం అంటే మనం, అత్తా. నువ్వు కూడా."

అత్త నవ్వింది. తనేం బండి తోలుతుందా అంది. కుర్చీలోంచి అమ్మ పాత గొంతు వినబడింది, మూడు రోజుల తరువాత. "తోలం అన్లేదు వదినా. ఎక్కం అన్నావు. బస్సు కూడా బండే గదా."

బఠాణీ కాయ అత్త చేతిలోనే ఆగిపోయింది. ఊళ్ళో ఎనుము ఉంది, దానికి గడ్డి వేసేవాళ్ళు లేరు, బస్సు ఎక్కకుండా ఊరికి ఎట్ల పోయేదని అడిగింది. ఎనుమును నీ కొడుకు చూసుకుంటాడులే అన్నాను. సామి ముందర చెప్పిన మాట తిప్పడానికి లేదు గదా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు కలిగిన తృప్తి, పాప మొదటిసారి నడిచినప్పుడు కూడా కలగలేదు. తప్పే. అయినా నిజం.

కానీ అత్త అంత తేలిగ్గా పడే మనిషి కాదు. నా వైపు చూసి నిదానంగా అంది. "నా పక్కన నిలబడి కండ్లు మూసుకొని చేతులు ఎత్తింది ఎవురు, సుజాతా? ఎక్కం అంటే నువ్వు లేవా దాంట్లో?"

అమ్మ నవ్వింది. యంత్రం పెట్టిన చోట నొప్పి పుట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

అట్లా సెప్టెంబరంతా ముగ్గురం నడిచాం. నా స్కూటీకి దుమ్ము పట్టింది. పాపను బడికి దింపడం, కూరగాయలు, మందులు, డాక్టరమ్మ దగ్గరికి పోవడం, అన్నీ కాలినడకే. కొన్నాళ్ళకు అరిగిన రబ్బరు చెప్పులతో అత్తకు మడమలు పగిలాయి. నా పాత బూట్లు ఇచ్చాను. చీర కింద తెల్ల బూట్లతో ఆమె బజారులో నడుస్తుంటే నాకు పండగలా ఉండేది. కావాలనే ఏటవాలు వీధులు వెతికేదాన్ని. ఎత్తు చూడగానే అత్త నన్ను తిట్టేది, నాతో పాటు నా చదువును, నన్ను చదివించిన అమ్మను. మొగుడు పోయిన ఆడమనిషి ఇట్ల వీధులు తిరగవచ్చునా అత్తా అని మాత్రం నేను రోజూ ఒకసారి అడిగేదాన్ని. అత్త మొగుడు పోయి పదేళ్ళయింది.

అమ్మ మాత్రం ముందు నడిచేది. మొదట ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగేది. తరువాత రెండు స్తంభాలకు ఒకసారి, తరువాత వీధి చివర. ఏ ఇంటి ముందు కొత్త పూలచెట్టు ఉన్నా, ఏ గోడమీద కొత్త బోర్డు ఉన్నా నిలబడి చదివేది. ఊపిరి కోసం ఆగిందా, బోర్డు కోసం ఆగిందా తెలియక నేను గబగబా పక్కకు పోయి నిలబడేదాన్ని. ఆమె వెనకాల నడుస్తూ ఎన్నిసార్లు ఆమె వీపు కదులుతోందా అని చూశానో చెప్పలేను.

ఒకరోజు ఫైలు పట్టుకుని ఒక్కదాన్నే ఆ పాత క్లినిక్కుకు వెళ్ళాను. రిపోర్టు ఆ డాక్టరు బల్ల మీద పడేసి, ఇదిగో వయసు అనాలని వారం రోజులుగా మాటలు కూర్చుకున్నాను. టోకెన్ తీసుకుని అదే ఇనప కుర్చీలో కూర్చున్నాను. పక్కన ఒక పెద్దామె. ఏమిటమ్మా మీకు అంటే, ఏమీ లేదు, సుస్తు అంది. ఎప్పటి నుంచి అంటే, వినాయక చవితి నుంచి అంది. చవితి పోయి రెండు వారాలు కూడా కాలేదు. ఫైలు తెరిచి ఆమెకు, ఆమె కోడలికి అమ్మ కథంతా చెప్పాను. వాళ్ళు టోకెన్ కుర్చీ మీద వదిలేసి పెద్ద ఆసుపత్రికి పోయారు. నా నంబరు పిలిచేసరికి కోపం చాలా వరకు దిగిపోయింది. లేచి వచ్చేశాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ మాట ఆయన ముఖం మీద అనే రావలసింది. ఇంకా అనవచ్చు. క్లినిక్ ఎక్కడికీ పోలేదు.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ ఇంట్లో పెద్దవాళ్ళు సుస్తు అంటే, ఎప్పటి నుంచి అని అడగండి. వాళ్ళ దగ్గర లెక్క ఉంటుంది, రాళ్ళతోనో, స్తంభాలతోనో. అది వినండి.

ఇరవై ఐదో రోజు సాయంత్రం అత్త బూట్లు విప్పుతూ కొత్త వాదం తెచ్చింది. "నేను బండి అని యాడ చెప్పినాను? బండెక్కం అన్నాను. బండ మీద ఎక్కేదాన్ని కూడా బండెక్కేదనే గదా అంటాము. సామికి బండ అనే వినబడింటుంది."

నిజమే. బండి ఎక్కినా బండ ఎక్కినా మా నోట్లో ఒకటే మాట. ఎక్కదు అన్నావా ఎక్కం అన్నావా అని నేను అక్షరాలు పట్టుకున్నాను గదా, ఇప్పుడు ఆమె పట్టుకుంది. ఆమె నోటితోనే మోపెడ్‌కు విడుదల వచ్చింది. కానీ బండ పోయింది. నేను కాదనబోయాను. అమ్మ నన్ను ఆపి, బాగా ఆలోచించి ఒప్పుకుంది.

"సరే వదినా. నువ్వు చెప్పినట్లే. ఇంక బండ వద్దు."

అత్త ఆ రాత్రే మూట సర్దుకుంది. పొద్దున బస్టాండుకు బయలుదేరేటప్పుడు అమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంది. "డాక్టరమ్మ సరే అన్నంక కృష్ణగిరికి పోతాము. నువ్వూ రావాల."

"బండ వద్దంటివి గదా?"

"ఆడ ఉండేది బండని ఎవురు చెప్పినారు? గిరి అంటే కొండ వదినా. కొండెక్కం అని నువ్వు మొక్కలేదు."

నవంబరులో డాక్టరమ్మ సరే అంది, ఆగి ఆగి ఎక్కమంది. బస్సులో పోయాం. నేను మాత్రలు, గ్లూకోజు, నీళ్ళు, ఆసుపత్రి నంబరు రాసిన చీటీ, అన్నీ సంచిలో వేసుకుని మొయ్యలేక మోశాను. కింద మొదటి మెట్టు దగ్గర అత్త చెట్టునీడ చూసుకుంది, తను ఇక్కడే ఉంటానంది. నేను వద్దనలేదు. అక్కడ ఒక్కతే కూర్చుని, అమ్మ ఎక్కడం చూస్తూ ఉండాలి. అదే నేను కోరుకున్నది.

జూన్‌లో కూర్చుండిపోయిన మెట్టు దగ్గర అమ్మ ఆగింది. నేను మాత్రల కోసం సంచిలో చెయ్యి పెట్టాను. వంగి, ఒక చిన్న రాయి తీసి మెట్టు పక్కన పెట్టింది. "ఒకటి" అని పాపకు చెప్పి ముందుకు పోయింది. పాప ఆమె వెనకాల గెంతుతూ పోయింది. గంప ఎత్తి వదిలిపెట్టిన కోడిపిల్లల్లా ఇద్దరూ రాళ్ళ మలుపు తిరిగి కనబడకుండా పోయారు. పిలిచాను. పైనుంచి అమ్మ గొంతు వచ్చింది, ఆడ నీళ్ళ గుంత ఉండాదంట, చేపలున్నాయేమో చూస్తున్నారంట.

నేను కదలలేకపోయాను. సంచి భుజం కోస్తోంది. అదే మెట్టు మీద, ఆ రాయి పక్కన కూర్చున్నాను. కింద నుంచి బూట్ల చప్పుడు. చూస్తే మునిరత్నత్త. చీర దోపుకుని, ఒక చేత్తో రాయి పట్టుకుంటూ ఎక్కి వస్తోంది. నెలంతా నడిపించి నడిపించి కాళ్ళకు అలవాటు చేస్తిరి, ఇప్పుడు కూర్చోమంటే యాడ కూర్చునేదని తిడుతూ వచ్చింది. నా దగ్గర ఆగింది. నా ముఖం చూసింది.

"ఏమైందమ్మా?"

"సుస్తుగా ఉంది అత్తా."

ఆ క్షణం కోసం ఆమె ఎన్నాళ్ళుగా కాచుకుని ఉందో. నా భుజం మీది సంచి తీసి తన భుజానికి వేసుకుంది. నన్ను దాటి రెండు మెట్లు ఎక్కింది. అప్పుడు తిరిగి చూసి, ఎంతో జాలిగా అంది.

"వయసమ్మా, వయసు. ఈ వయసులో ఎందుకు నీకు ఇవన్నీ?"